అమ్మ కన్ను తీయించాలా, రేడియేషన్ పెట్టించాలా?

ప్రశ్న: నమస్తే అక్కా. మా అమ్మకి 61 ఏళ్ళు. కుడి కంట్లో ఒక పక్క తెర అడ్డొచ్చినట్టుందంటే శుక్లమేమో అనుకుని తీసుకెళ్ళాం, లోపల గడ్డ ఉందన్నారు, స్కానింగ్ తీసి కొరాయిడల్ మెలనోమా అని రాశారు, కంటి లోపలి పొరలో వచ్చే క్యాన్సరట. గడ్డ ఎత్తు 7 మిల్లీమీటర్లు, అడుగు వెడల్పు 13. లివర్ స్కాన్ క్లియర్. ఒక డాక్టర్ రేడియేషన్ ప్లాక్ అని కంటికి చిన్న గిన్నె కుట్టి కొన్ని రోజులుంచి తీసేస్తాం, కన్ను ఉంచొచ్చు అన్నారు, ఇంకో డాక్టర్ దగ్గరికెళ్తే రెండు దార్లూ ఉన్నాయి, కన్ను తీసేయడం కూడా తప్పేం కాదు, ఇంట్లో మాట్లాడుకుని రండి అన్నారు. నాన్న కత్తి తగిలితే క్యాన్సర్ పాకిపోతుంది వద్దంటున్నాడు, మా అక్క ప్రాణం ముఖ్యం తీయించేద్దాం అంటోంది. అమ్మకి క్యాన్సర్ అని చెప్పలేదు, కంట్లో నీరు చేరింది లేజర్ చేస్తారని చెప్పాం. ఏది చేయిస్తే అమ్మ ఎక్కువ కాలం ఉంటుంది? వచ్చే గురువారం డాక్టర్‌కి ఏదో ఒకటి చెప్పాలి.

జవాబు: తమ్ముడూ, నువ్వడిగినదానికే ముందు జవాబు చెప్పేస్తాను, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. అమ్మకున్న సైజు గడ్డకి కన్ను తీసినా ప్లాక్ పెట్టినా ఆయుష్షులో తేడా రాదు. నీకు ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదిది, సరిగ్గా ఈ ప్రశ్న మీదే అమెరికా, కెనడాల్లో పెద్ద స్టడీ చేశారు, పేరు కొలాబొరేటివ్ ఆక్యులర్ మెలనోమా స్టడీ, కంటి డాక్టర్లు కామ్స్ అంటారు. ఎత్తు 10 మిల్లీమీటర్ల లోపు, అడుగు 16 లోపు ఉన్న మధ్య సైజు గడ్డల వాళ్ళని 1987 నుంచి 1998 దాకా 1317 మందిని చేర్చుకుని, చీటీలు తీసినట్టు ఇటు కొందరు అటు కొందరిగా పంచి, ఒక వైపు వాళ్ళకి కన్ను తీసేశారు, ఇంకో వైపు వాళ్ళకి అయోడిన్ ప్లాక్ పెట్టారు. 12 ఏళ్ళ తర్వాత లెక్క చూస్తే అన్ని కారణాలూ కలిపి ప్లాక్ వాళ్ళలో 43 శాతం, కన్ను తీసినవాళ్ళలో 41 శాతం పోయారు, అంటే ఇంచుమించు సమానం. ఆ నంబర్ చూసి గుండె జారనివ్వకు, వాళ్ళ సగటు వయసే 60, పన్నెండేళ్ళలో గుండెజబ్బులతో పోయినవాళ్ళూ ముసలితనంతో పోయినవాళ్ళూ అందరూ అందులోనే ఉన్నారు.

కాబట్టి మీ ఇంట్లో జరుగుతున్న గొడవ, అంటే అక్క ప్రాణం వైపు, ఇంకొకరు కన్ను వైపు అన్నట్టు మీరు చీలిపోయిన ఆ గొడవ, అసలు అక్కర్లేని గొడవ. ప్రాణం ఆ తక్కెడలో లేదు. అక్కడ ఉన్నది కన్ను, చూపు, నొప్పి, ఎన్నిసార్లు ఆస్పత్రికి తిరగాలి, రాత్రుళ్ళు నిద్ర పడుతుందా లేదా అనేవే. వాటిని తూచాల్సింది ఆ కన్ను ఎవరిదో వాళ్ళు.

మీ నాన్నగారి భయాన్ని మాత్రం చాదస్తం అని తీసిపారేయకు. కత్తి తగిలితే పాకుతుందేమో అన్న అనుమానం డాక్టర్లకే వచ్చింది ఒకప్పుడు. 1978లో జిమ్మర్‌మన్ అనే కంటి పాథాలజిస్ట్, అంటే తీసిన కళ్ళని మైక్రోస్కోప్ కింద పరీక్షించే డాక్టర్, ఆయనతో ఇంకో ఇద్దరు, కన్ను తీసిన తర్వాత మొదటి రెండు మూడేళ్ళలో మరణాలు ఎక్కువగా ఉంటున్నాయి, ఆపరేషన్లో గడ్డ నలిగి కణాలు రక్తంలోకి పోతున్నాయేమో అని రాశారు. ప్రపంచమంతా కంటి డాక్టర్లు ఆ మాటతో కలవరపడ్డారు, ఏది నిజమో తేల్చుకోవాలన్న పట్టుదల కూడా ఆ స్టడీ వెనకాల ఉంది. తీసినవాళ్ళూ ఉంచుకున్నవాళ్ళూ ఒకేలా బతికారు కాబట్టి కత్తి వల్ల పాకుతుందన్న భయం నిలబడలేదు. ఇప్పుడు ఎక్కువమంది డాక్టర్లు అనుకునేదేంటంటే, పాకేవాళ్ళలో కొన్ని కణాలు గడ్డ బయటపడడానికి చాలా ముందే, కొందరిలో ఏళ్ళ ముందే జారుకుని లివర్‌లో చడీచప్పుడు లేకుండా కూర్చుంటాయి అని. అందుకే కంటికి ఏ వైద్యం చేశామన్నది ఆయుష్షుని పెద్దగా మార్చట్లేదు. వినడానికి కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ ఇది మీ నాన్నగారికి అర్థమయ్యేలా చెప్తే రేపు ఏం జరిగినా "మనం కత్తి పెట్టించాం కాబట్టే" అని ఆయన జీవితాంతం తనని తాను తిట్టుకోకుండా ఉంటాడు. అలాగని ఎలాగూ తేడా లేదు కదా అని ఏమీ చేయించకుండా వదిలేయకండి, వదిలేస్తే గడ్డ కంటినిండా పెరిగి ప్రెజర్ వచ్చి భరించలేని నొప్పి వస్తుంది, ఒక్కోసారి కన్ను దాటి బయటికి కూడా వస్తుంది, కొత్త కణాలు పాకే దారీ తెరిచి ఉంచినట్టే.

ఇప్పుడు నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన వాక్యం దగ్గరికి వస్తాను. నీరు చేరింది లేజర్ చేస్తారు అన్నారే, అది.

నాకు తొమ్మిదేళ్ళ కింద ఎడమ కంట్లో ఇదే జబ్బు. అప్పుడు నాకు 43. మా ఆయన, మా అన్నయ్య ఇద్దరూ కలిసి చిన్న గడ్డ, కరెంట్ పెడితే కరిగిపోతుంది అని చెప్పారు. ఒకరోజు కంటిపాప పెద్దదవడానికి చుక్కల మందు వేసి బయట బల్ల మీద కూర్చోబెట్టారు, వీళ్ళు బిల్లు కట్టడానికి వెళ్ళారు, ఫైల్ నా ఒళ్ళో ఉంది. ఆ మందు వేస్తే దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి కదా, నేను ఫైల్‌ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. మెలనోమా అర్థం కాలేదు గానీ దాని కింద మ్యాలిగ్నెంట్ అన్న మాట అర్థమైంది. వాళ్ళు నవ్వుతూ తిరిగొచ్చారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత మూడు వారాలు వాళ్ళు నా దగ్గర నటించారు, నేను వాళ్ళ దగ్గర నటించాను, రాత్రి ఒక్కదాన్నే బాత్రూంలో ఏడ్చేదాన్ని. జబ్బు కంటే ఆ మూడు వారాలే నాకు ఎక్కువ గుర్తున్నాయి తమ్ముడూ. ప్రేమతోనే దాచారు, కాదనను. కానీ భయం ఉన్నప్పుడు పక్కన మనుషులుండి కూడా ఒంటరిగా పడాల్సొచ్చింది.

అమ్మకి చెప్పకుండా ఈ వైద్యం నడవదు కూడా. కన్ను తీస్తే లేచి అద్దంలో చూసుకుంటుంది, అప్పుడేం చెప్తావు? ప్లాక్ పెడితే కొన్ని రోజులు గర్భిణులూ చిన్నపిల్లలూ దగ్గరికి రాకూడదంటారు, లేజర్‌కి అలా ఎందుకంటారని అడగదా? చెప్పేటప్పుడు అందరూ చుట్టూ గుమిగూడి చెప్పకండి. నువ్వొక్కడివే కూర్చుని, "అమ్మా, కంట్లో ఉన్నది క్యాన్సర్ గడ్డ, లివర్‌లో ఏమీ లేదు, వైద్యం ఉంది, రెండు రకాలుంది, ఏది కావాలో నువ్వే చెప్పాలి" అని అక్కడితో ఆపు. ఆపాక ఊరికే కూర్చో. ఆమె ఎంతసేపు మాట్లాడకపోయినా నువ్వు ఆ ఖాళీని మాటలతో నింపకు.

ప్లాక్ ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే రేడియేషన్ అనగానే అమ్మ పెద్ద మెషిన్లో పడుకోబెడతారనుకుంటుంది. అది కోటు గుండీ అంత చిన్న గిన్నె, వెనకాల బంగారం, లోపలి వైపు బియ్యపుగింజ కంటే సన్నటి అయోడిన్ 125 గింజలు అంటించి ఉంటాయి. మత్తిచ్చి కంటి తెల్లగుడ్డు మీది పల్చటి పొర తెరిచి, కంటిలోకి లైట్ వేసి గడ్డ నీడ తెల్లగుడ్డు మీద ఎక్కడ పడుతుందో చూసి పెన్నుతో గీత గీస్తారు, ఆ గీత మీద గిన్నెని కుట్టేస్తారు. బంగారం వెనక్కి పోయే రేడియేషన్‌ని ఆపుతుంది, ముందుకి గడ్డలోకి మాత్రం పోతుంది. లెక్క ప్రకారం గడ్డ కొనకి 85 గ్రే (రేడియేషన్ డోసు కొలత) దాకా అందేలా సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు ఉంచి, మళ్ళీ మత్తిచ్చి తీసేస్తారు. తీసేశాక ఒంట్లో రేడియేషన్ ఏమీ మిగలదు, ఆ నిమిషం నుంచి మనవల్ని దగ్గరికి తీసుకోవచ్చు. రుథేనియం ప్లాక్ అని ఇంకోటి ఉంది గానీ దాని కిరణాలు ఎక్కువ లోతుకి పోవు, అయిదారు మిల్లీమీటర్ల ఎత్తు దాకానే బాగా పనిచేస్తుంది, అమ్మది 7 కాబట్టి వాళ్ళు ఏది పెడదామంటున్నారో అడుగు. ప్రోటాన్ బీమ్ అని ఉంది, 1975లో బోస్టన్‌లో మొదలైంది, తెల్లగుడ్డు మీద చిన్న టాంటలం బిళ్ళలు కుట్టి గుర్తు పెట్టుకుని నాలుగైదు రోజులు బయటినుంచి కిరణం వేస్తారు, మంచిదే, అందుబాటులో ఉంటే దాని గురించి కూడా అడగండి, లేదని బెంగపడక్కర్లేదు.

ప్లాక్ తీయగానే గడ్డ మాయమైపోదు. ఇది ఎవరూ గట్టిగా చెప్పరు, నేను చెప్తున్నాను. రేడియేషన్ కణం లోపలి డీఎన్ఏని తెంపుతుంది, ఆ కణం ఎప్పుడో విడిపోయి రెండు కావాలని చూసినప్పుడు చస్తుంది, అందుకే నెలల తరబడి మెల్లగా కుంచించుకుపోతుంది. నాకూ ప్లాకే పెట్టారు, మూడు నెలల స్కాన్‌లో కొలత అంతే ఉందంటే కాలూచేయీ ఆడలేదు, ఏడాదికి సగానికి దిగింది. కొంత మచ్చలా ఎప్పటికీ మిగిలిపోతుంది, పెరక్కుండా ఉంటే చాలు, అదే గెలుపు.

అసలు కష్టం ఏంటంటే చూపు. రేడియేషన్ గడ్డనే కాదు, చుట్టుపక్కల రెటీనాలో, అంటే కంటి వెనక బొమ్మ పడే తెరలో, సన్నటి రక్తనాళాల్ని కూడా దెబ్బతీస్తుంది, ఆ దెబ్బ వెంటనే కాదు ఏడాదికో రెండేళ్ళకో బయటపడుతుంది. ఆ స్టడీలోనే మూడేళ్ళకి 43 శాతం మందికి ఆ కంటి చూపు 20/200కో అంతకంటే కిందకో పడిపోయింది, అంటే మామూలు కంటికి 200 అడుగుల నుంచి కనపడేది 20 అడుగుల దగ్గరికొస్తే గానీ కనపడదు. నాకు మొదటి ఏడాది చూపు బాగానే ఉంది, ఇంకేం, గట్టెక్కేశాం అనుకున్నాం, రెండో ఏడు నుంచి గీతలు వంకరపోవడం మొదలైంది, కంట్లో ఇంజెక్షన్లు వేశారు, అవి కొంతకాలం ఆదుకున్నాయి, నాలుగో ఏట ప్రెజర్ పెరిగి నొప్పి, తలపోటు, వాంతులు, చివరికి చూపు లేని కన్ను నొప్పి కోసం ఉంచుకోవడమెందుకని నేనే తీసేయమన్నాను. ప్లాక్ పెట్టినవాళ్ళలో అయిదేళ్ళలోపు ఎనిమిది మందిలో ఒకరికి ఇలా తర్వాత కన్ను తీయాల్సొచ్చిందని ఆ స్టడీ చెప్తుంది. గడ్డ మళ్ళీ పెరిగో, నొప్పి వల్లో. అంటే మిగతా ఏడుగురికి కన్ను ఉంది, అదీ గుర్తుపెట్టుకో. నాకూ ఆ నాలుగేళ్ళు వృథా అని ఎప్పుడూ అనిపించలేదు, చూపున్నన్నాళ్ళూ నేను చేసుకోవాల్సినవి చేసుకున్నాను, కన్ను పోవడానికి మనసు సిద్ధం చేసుకునే టైం కూడా దొరికింది.

అందుకని గురువారం అడగాల్సిన మొదటి ప్రశ్న, గడ్డ అంచు కంటి నరానికి ఎంత దూరం, మాక్యులాకి (రెటీనా మధ్యలో స్పష్టమైన చూపునిచ్చే చోటు) ఎంత దూరం, ప్లాక్ పెడితే ఆ రెండిటికీ ఎంత డోసు పడుతుంది. దూరంగా ఉంటే ప్లాక్‌తో పనికొచ్చే చూపు నిలిచే అవకాశం బాగుంది, అప్పుడు నేనైతే ప్లాక్ వైపే మొగ్గుతాను. ఆనుకుని ఉంటే కన్ను మిగులుతుంది గానీ చూపు మిగలడం కష్టం, అప్పుడు అమ్మ స్వభావాన్ని బట్టి. కొందరికి తన కన్ను తనకుండాలి, చూపు లేకపోయినా సరే. కొందరికి గడ్డ ఇంకా లోపల ఉందన్న ఆలోచనతోనే నిద్ర పట్టదు, తీసేస్తే పీడా పోయిందనుకుంటారు. రెండిట్లో ఏదీ పిరికితనం కాదు, ఏదీ తప్పు కాదు.

తీయడం గురించి జనానికి ఉన్న భయం చాలావరకు దాన్ని ఊహించుకోవడం వల్ల వచ్చిన భయమే. రెప్పలు, వెంట్రుకలు, కనుబొమ్మ ఏవీ ముట్టుకోరు. కంటిగుడ్డుని కదిపే కండరాల్ని విడదీసి, వెనకాల నరం కోసి గుడ్డుని బయటికి తీస్తారు, ఆ చోట్లో గోళీలాంటి ఇంప్లాంట్ పెట్టి కండరాల్ని దానికి జతచేసి పైన పొర మూసి కుట్టేస్తారు. పూర్తి మత్తు, సుమారు గంట పని. కట్టు విప్పిన రోజు నేను భయపడుతూ అద్దం తీసుకున్నాను, గుంట కనపడుతుందనుకున్నాను, కనపడింది గులాబీ రంగు తడి పొర, పెదవి లోపలి వైపు ఎలా ఉంటుందో అచ్చం అలా, దానిమీద పారదర్శకంగా ప్లాస్టిక్ డిప్ప. అంతే. నెలన్నర, రెండు నెలలకి పెట్టుడు కన్ను చేస్తారు. అది గాజు గోళీ కాదు, మందపాటి కాంటాక్ట్ లెన్స్ లాంటి డిప్ప. నా కన్ను చేసినాయన అచ్చు తీసి, మైనంతో సరిచూసి, ఆక్రిలిక్‌లో పోసి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నా రెండో కంటి నల్లగుడ్డుని చూస్తూ రంగు మీద రంగు అద్దాడు, తెల్లగుడ్డు మీద నరాల కోసం ఎర్ర పట్టుదారం పోగు విడదీసి ఒక్కో పీచూ అతికించాడు. వెనకాల కండరాలున్నాయి కాబట్టి కొంచెం కదులుతుంది కూడా, కొత్తగా కలిసినవాళ్ళు గుర్తుపట్టరు. రోజూ తీసి కడగక్కర్లేదు, ఏడాదికోసారి పాలిష్ చేయించుకుంటే చాలు. దానితో చూపు మాత్రం రాదు, ఇంకొకరి కన్ను తెచ్చి పెట్టి చూపు తెప్పించడం కూడా ఇప్పటికి కుదరదు, నేత్రదానంలో ముందుండే కార్నియా మాత్రమే పెడతారు, ఆ ఆశ ఎవరైనా పెడితే నమ్మకండి.

చిన్నచిన్నవి తొందరగా చెప్పేస్తాను. ఇది ఒక కంటి నుంచి రెండో కంటికి పాకదు. అంటుకునే జబ్బు కాదు. ఫోన్ చూడడం వల్లా టీవీ వల్లా రాదు, కాబట్టి అమ్మ ఏదో చేసిందని వెతక్కండి. ముక్క తీసి పరీక్ష చేయకుండా క్యాన్సరని ఎలా రాశారని అడుగుతారు కొందరు, దీనికి కంటి లోపలి పరీక్ష, అల్ట్రాసౌండ్‌తోనే నిపుణులు దాదాపు ఎప్పుడూ సరిగ్గా చెప్పగలరు. మామూలు కీమో దీని మీద పెద్దగా పనిచేయదు, కీమో వద్దన్నారేంటని కంగారుపడొద్దు.

ముక్క పరీక్ష ఇంకో పనికి మాత్రం అవసరం, ఇది ముందే అడగాలి, తర్వాత అడిగితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. గడ్డ కణాల జన్యు పరీక్ష చేస్తే, మూడో క్రోమోజోమ్‌లో ఒకటి పోయిందా లాంటివి చూసి, పాకే అవకాశం ఎక్కువా తక్కువా అని చెప్తారు. ప్లాక్ పెట్టేటప్పుడే సన్నటి సూదితో తీయొచ్చు, కన్ను తీస్తే ఆ కంటినుంచే తీయొచ్చు, ప్లాక్ పెట్టి నెలలు గడిచాక అంత బాగా కుదరదు. ఫలితం తెలిస్తే వైద్యం మారిపోదు గానీ లివర్ స్కాన్లు ఎంత దగ్గరదగ్గరగా చేయాలో తేలుతుంది. తెలుసుకోవాలా వద్దా అన్నది కూడా అమ్మ ఇష్టమే, నేను తెలుసుకున్నాను, మా వార్డులో నా పక్క బెడ్ ఆవిడ వద్దంది, ఇద్దరం బాగానే ఉన్నాం.

ఆయుష్షు గురించి అడిగావు కదా, నీ శ్రద్ధంతా పెట్టాల్సింది ఇదిగో ఇక్కడ. ఇది పాకితే ఎక్కువగా లివర్‌కే పాకుతుంది, కంటి లోపల లింఫ్ నాళాలు లేవు కాబట్టి రక్తంలో నుంచే పోతుంది. అది అయిదేళ్ళకి కాదు పదేళ్ళకి కూడా బయటపడొచ్చు. కన్ను తీసేశాం కదా అయిపోయింది అని స్కాన్లు మానేసేవాళ్ళు చాలామంది. మానకండి. నాకు ఆరు నెలలకోసారి లివర్ చూస్తారు, ఇప్పటికీ. అమ్మకి ఎంతకోసారి, అల్ట్రాసౌండా ఎంఆర్ఐనా అన్నది గురువారమే రాయించుకో. లివర్‌కి పాకినా ఒకప్పటిలా చేతులెత్తేసే పరిస్థితి లేదు, 2022లో టెబెంటాఫస్ప్ అనే మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది, రక్తపరీక్షలో తెలిసే ఒక రకం హెచ్ఎల్ఏ టైప్ (పుట్టుకతో వచ్చే కణాల గుర్తు) ఉన్నవాళ్ళకే పనికొస్తుంది, కానీ ఈ జబ్బులో ఆయుష్షు పెంచినట్టు గట్టిగా తేలిన మందు అది. చిన్నగా ఉన్నప్పుడే కనిపెడితే ఏ వైద్యానికైనా చోటుంటుంది, అందుకే స్కాన్లు.

ఒంటి కన్నుతో బతకడం గురించి అమ్మ అడుగుతుంది, చెప్పు. మొదట్లో దూరం అంచనా తెలియదు, మెట్టు ఉందనుకుని కాలు వేస్తాం, గ్లాసులో నీళ్ళు పోస్తే బల్ల మీద పడతాయి. నేను కూజా మూతిని గ్లాసు అంచుకి తగిలించి పోయడం నేర్చుకున్నాను, ఆ టక్ మన్న చప్పుడు వచ్చాకే వంచుతాను, ఇప్పటికీ అలవాటు. కొన్ని నెలల్లో మెదడే సర్దుకుంటుంది. రెండో కన్ను ఇక ఒక్కటే కాబట్టి పవర్ ఉన్నా లేకపోయినా పాలికార్బొనేట్ అద్దాలు పెట్టించండి, ఇంట్లో కూడా.

గురువారం ఇంకో పని చెయ్యి. డాక్టర్ ఎదురుగా ఉండే కుర్చీలో నువ్వు కూర్చోకు, నాన్నని కూర్చోనివ్వకు, అమ్మని కూర్చోబెట్టు. నువ్వు ఆమెకి ఎడమ వైపు కూర్చో, ఆ వైపు నువ్వు బాగా కనపడతావు.